ఇంగ్లీషు వాక్యంలో ‘దట్’ ఎన్ని పనులు చేస్తుంది? ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీసేయాలి?

చీమకుర్తి_రాయి

అందరికీ నమస్కారం. నేను చీమకుర్తిలో గ్రానైటు బ్లాకులు ఎగుమతి చేసే ఒక ఆఫీసులో ఉత్తరప్రత్యుత్తరాలు చూస్తుంటాను. విదేశాల కొనుగోలుదారులకు నేను రాసే మెయిళ్లను మా మేనేజరు గారు ఒకసారి చూసి పంపిస్తారు. ఆయన కొన్నిచోట్ల నేను రాసిన ‘దట్’ను కొట్టేస్తారు, మరికొన్ని చోట్ల నేను రాయని ‘దట్’ను తెచ్చి పెడతారు. కారణం అడిగితే ‘చదువుతుంటే అలా అనిపిస్తుందయ్యా’ అంటారే గానీ సూత్రం చెప్పరు. బడిలో మాకు ‘దిస్ అంటే ఇది, దట్ అంటే అది’ అని చెప్పి ముగించారు. కానీ ‘ది బ్లాక్స్ దట్ వి లోడెడ్’ అన్నప్పుడు గానీ, ‘వి నో దట్ ది షిప్ ఈజ్ లేట్’ అన్నప్పుడు గానీ ఆ ‘అది’ నాకెక్కడా కనపడదు. ఈ మాట అసలు ఏయే పనులు చేస్తుందో, ఏ పనిలో ఉన్నప్పుడు దాన్ని వదిలేసినా తప్పులేదో తెలిసినవారు వివరించగలరు.

కావలి_మాస్టారు

మీ మేనేజరు గారు చేస్తున్నది సరైన పనే అయి ఉంటుంది, కాకపోతే దాని వెనకనున్న లెక్క ఆయన ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు. నేను చాలాకాలం హైస్కూలులో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి కనుక నాకు తోచిన క్రమంలో చెబుతాను.

ముందుగా ‘దట్’లో రెండు జాతులున్నాయని గుర్తించండి. ఒకటి వేలు పెట్టి చూపేది, రెండవది రెండు వాక్యాలను అతికేది. చూపేదానికి బహువచనం ఉంది, ‘దట్ బ్లాక్’ అన్నది ‘దోజ్ బ్లాక్స్’ అవుతుంది. అతికేదానికి బహువచనం లేదు, ‘ది బ్లాక్స్ దట్ వి లోడెడ్’లో బ్లాకులు ఎన్ని ఉన్నా అది ‘దోజ్’ కాదు. ఉచ్చారణలో కూడా ఈ తేడా వినపడుతుంది. చూపేటప్పుడు ఇంగ్లీషువారు దాన్ని ఒత్తి ‘ద్యాట్’ అంటారు, అతికేటప్పుడు అచ్చు నలిగిపోయి ‘ద్ట్’ అన్నంత పొట్టిగా పలుకుతారు. మనం రెండింటినీ ఒకేలా పలుకుతాము కాబట్టి రెండూ ఒకటే అన్న భ్రమ మనకు ఎక్కువ.

తెలుగులో చూపే పనికి ‘ఆ’, ‘అది’ సరిపోతాయి. అతికే పనికి మాత్రం ఒక్క మాట సరిపోదు. ‘ఓడ ఆలస్యమైందని మాకు తెలుసు’ అన్నచోట ‘అని’ వస్తుంది. ‘మేము ఎక్కించిన బ్లాకులు’ అన్నచోట విడిగా మాటే రాదు, క్రియ తన రూపం మార్చుకొని విశేషణంగా నామవాచకం ముందు నిలబడుతుంది. మన వ్యాకరణాలు దీన్ని ధాతుజ విశేషణం అంటాయి. ‘ఎవరు వచ్చారో వారు’ అనే పద్ధతి కూడా మనకు ఉన్నా, రోజువారీ మాటల్లో ‘వచ్చినవారు’ అనే మనం అంటాము. ‘మెరిసేదంతా బంగారం కాదు’ అనే సామెతను ఇంగ్లీషులో ‘ఆల్ దట్ గ్లిటర్స్ ఈజ్ నాట్ గోల్డ్’ అంటారు కదా, అక్కడి ‘దట్’ చేసే పనంతా మన ‘మెరిసే’ అన్న రూపంలోనే జరిగిపోయింది.

ఒకే మాట ఇన్ని పనులకు ఎందుకు దిగిందని అడిగితే చరిత్రలో సమాధానం ఉంది. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో చూపుడు మాటకు మూడు లింగాలుండేవి, అందులో నపుంసకలింగ ఏకవచన రూపం నేటి ‘దట్’కు మూలం. ‘నాకు అది తెలుసు: ఓడ ఆలస్యమైంది’ అన్నటువంటి రెండు విడి వాక్యాలు దగ్గరకు చేరి, మధ్యలోని ‘అది’ వేలు చూపడం మానేసి అతుకుగా మిగిలిందని భాషా చరిత్రకారులు చెబుతారు. మన ‘అని’ దారి వేరు. అది ‘అను’ అనే క్రియ నుంచి వచ్చింది కనుక, ఇప్పటికీ చెప్పిన మాట చివర్లోనే నిలుస్తుంది. సంస్కృతంలో ‘ఇతి’ నిలిచే చోటు కూడా అదే.

ఒంగోలు_బాట

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. ఈ జాతులూ లింగాలూ అన్నీ పరీక్షలు రాసేవారికి కావాలి గానీ, మెయిలు రాసుకునేవారికి ఎందుకు? నేను నా పనివాళ్లకు చెప్పే సూత్రం ఒక్కటే. వాక్యాన్ని ముందు తెలుగులో అనుకోండి, ‘అని’ వచ్చిన చోట ‘దట్’ పెట్టండి, రానిచోట తీసేయండి. పొగాకు బేళ్ల వ్యాపారంలో పాతికేళ్లుగా ఈ సూత్రంతోనే ఇంగ్లీషు నడుపుతున్నాము, ఎవరూ మమ్మల్ని వెనక్కి పంపలేదు.

ఆత్మకూరు_పంతులమ్మ

అన్నగారూ, మీ సూత్రం సగం దూరం మోస్తుంది, మిగతా సగంలో దించేస్తుంది. మా పిల్లల పుస్తకాల్లో ఎర్రసిరా ఎక్కువగా పడేది సరిగ్గా ఈ సూత్రం దగ్గరే.

‘ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు’ అన్నదాన్ని పిల్లలు ‘హి ఆస్క్డ్ దట్ వేర్ ఆర్ యు గోయింగ్’ అని రాస్తారు. తెలుగులో ‘అని’ ఉంది కాబట్టి ‘దట్’ వచ్చింది, మరి ఇంగ్లీషులో ప్రశ్న వచ్చిన చోట ప్రశ్నపదమే అతుకు పని చేస్తుంది, దానికి తోడు ఇంకొకటి అక్కరలేదు. ‘హి ఆస్క్డ్ వేర్ ఐ వాజ్ గోయింగ్’ అంటే సరిపోయింది. అవును–కాదు అన్న ప్రశ్నయితే ‘ఇఫ్’ గానీ ‘వెదర్’ గానీ వస్తుంది. పరోక్ష కథనం పాఠం చెప్పేటప్పుడు నేను ముందు దీన్నే చెబుతాను, ఎందుకంటే కాలాలు మార్చడం పిల్లలకు తొందరగానే పట్టుబడుతుంది గానీ ఈ అదనపు ‘దట్’ మాత్రం ఇంటరుదాకా వెంట వస్తుంది.

అంతేకాదు, మన ‘అని’ చెప్పిన మాటకు మాత్రమే కట్టుబడి లేదు. ‘పెన్న చూద్దామని వచ్చాను’ అన్నప్పుడు అది ఉద్దేశం, ఇంగ్లీషులో ‘టు సీ’ అవుతుంది. ‘వాన వస్తుందని గొడుగు తెచ్చాను’ అన్నప్పుడు అది కారణం. ‘రవి అని ఒక అబ్బాయి’ అన్నప్పుడు అది పేరు చెప్పడం, ‘ఎ బాయ్ కాల్డ్ రవి’ అవుతుంది. ‘తలుపు ధడేలని మూసుకుంది’ అన్నప్పుడు అది శబ్దం మాత్రమే. వీటిలో ఏ ఒక్కచోట ‘దట్’ పెట్టినా వాక్యం చెడుతుంది. అటు నుంచి చూసినా ఇదే తంతు, ‘నాట్ దట్ బిగ్’ అంటే ‘అంత పెద్దదేమీ కాదు’ అని కదా, అక్కడ మన ‘అని’కి చోటే లేదు.

కృష్ణపట్నం_రేవు

పంతులమ్మ గారు చెప్పినదానికి మా వైపు నుంచి ఒక ఉదాహరణ కలుపుతాను, ఎందుకంటే ఇది డబ్బుతో కూడిన వ్యవహారం.

రేవు దగ్గర నాకు తెలిసిన ఒక సరకు రవాణా ఆఫీసులో రొయ్యల కంటైనరు ఒకటి గమ్యం చేరేసరికి సీలు నెంబరు తేడాగా ఉంది. దారిలో ఎక్కడో సీలు ఊడదీశారేమోనన్నది ఇక్కడి గుమాస్తా గారి అనుమానం. ఆయన దాన్ని నివేదికలో ‘ఐ డౌట్ దట్ ది సీల్ వాజ్ బ్రోకెన్ ఇన్ ట్రాన్సిట్’ అని రాశారు. అవతలివారు చదువుకున్నది సరిగ్గా దానికి ఎదురు. ఇంగ్లీషులో ‘డౌట్’ తర్వాత ‘దట్’ వస్తే ‘అలా జరిగిందంటే నేను నమ్మను’ అని అర్థం. దారిలో సీలు ఊడలేదని మీ మనిషే రాశాడు కదా, అలాంటప్పుడు పరిహారం మమ్మల్ని ఎలా అడుగుతారని వాళ్లు తిరిగి రాశారు. ఆ ఒక్క వాక్యాన్ని సరిచేసి చెప్పుకోవడానికి చాలా ఉత్తరాలు నడిచాయి.

ఇందులో చిక్కు ఏమిటంటే, మనకు ‘అనుమానం’ అన్నది రెండు వైపులా తిరుగుతుంది. ‘ఊడదీశారని అనుమానం’ అంటే జరిగే ఉంటుందని, ‘ఊడదీశారా అని అనుమానం’ అంటే తెలియదని. తేడా అంతా ‘అని’ ముందున్న క్రియ చివర ఉంటుంది. ఇంగ్లీషులో ఆ తేడా క్రియల మధ్య పంచుకొని ఉంటుంది. జరిగే ఉంటుందనుకుంటే ‘సస్పెక్ట్ దట్’, తేలలేదనుకుంటే ‘నాట్ ష్యూర్ వెదర్’, నమ్మకపోతే ‘డౌట్ దట్’. మన తరగతి గదుల్లో ‘ఐ హావ్ ఎ డౌట్ సార్’ అంటే ప్రశ్న అడగాలని అర్థం, ఆ అలవాటు నివేదికలోకి వస్తే ప్రమాదం.

ఒంగోలు_బాట

మీరు చెప్పిన ‘డౌట్’ సంగతి విన్నాక పాత ఫైళ్లు తీసి చూడాలనిపిస్తున్నది. సరే, ‘అని’ని నమ్ముకోవద్దన్నారు, ఒప్పుకుంటాను. మరి దేన్ని నమ్ముకోవాలో కూడా చెప్పండి.

పెన్నాతీరం

నేను డీఎస్సీకి తయారవుతున్నాను. నాకు ఒక పాత ప్రశ్నపత్రంలో రెండు వాక్యాలిచ్చి తేడా అడిగారు. ఒకటి ‘ది న్యూస్ దట్ హి బ్రాట్ వాజ్ శాడ్’, రెండవది ‘ది న్యూస్ దట్ హి డైడ్ వాజ్ శాడ్’. రెండింటిలోనూ నామవాచకం తర్వాతే ‘దట్’ వచ్చింది, తర్వాత కర్తా క్రియా ఉన్నాయి. గైడులో ఒకటి సంబంధ సర్వనామం, ఇంకొకటి సముచ్చయం అని ఇచ్చి ఊరుకున్నారు. ఎలా కనిపెట్టాలో ఎవరైనా చెప్పగలరా?

ఆత్మకూరు_పంతులమ్మ

అన్నగారి ప్రశ్నకూ మీ ప్రశ్నకూ సమాధానం ఒకటేనమ్మా. ‘దట్’ను చూడకండి, దాని తర్వాత వచ్చే భాగాన్ని విడిగా తీసి చదవండి.

‘హి డైడ్’ అన్నదాన్ని విడిగా చదివితే అది తనంతట తాను నిండు వాక్యం, దానికి ఏ లోటూ లేదు. ‘హి బ్రాట్’ అన్నదాన్ని చదవండి. ‘ఏం తెచ్చాడు?’ అని మీకే అడగాలనిపిస్తుంది. ఆ కర్మస్థానం ఖాళీగా ఉంది, దాన్ని నింపేది ముందున్న ‘న్యూస్’. అలా తర్వాతి భాగంలో ఖాళీ ఉంటే ‘దట్’ సంబంధ సర్వనామం, ఖాళీ లేకపోతే సముచ్చయం. ఈ పరీక్షకు వ్యాకరణ పదాలేవీ అక్కరలేదు, పేరు పరీక్షలో రాయడానికి మాత్రమే కావాలి.

ఇక నాకు ముచ్చటగా అనిపించే సంగతి చెబుతాను. ఇంగ్లీషు దాచిపెట్టిన ఈ తేడాను తెలుగు బయటపెట్టేస్తుంది. మొదటిది ‘అతను తెచ్చిన వార్త’, రెండవది ‘అతను పోయాడన్న వార్త’. ఖాళీ ఉన్నచోట క్రియ నేరుగా ‘తెచ్చిన’ అయి నామవాచకానికి అతుక్కుంటుంది. ఖాళీ లేనిచోట ముందు నిండు వాక్యం ‘అతను పోయాడు’ అని ముగిసి, దాని మీద ‘అన్న’ గానీ ‘అనే’ గానీ వచ్చి కూర్చుంటుంది. కాబట్టి మీకు సందేహం వచ్చినప్పుడు తెలుగులోకి మార్చి చూడండి. ‘ది క్లెయిమ్ దట్ హి మేడ్’ అంటే ‘అతను చేసిన వాదన’. ‘ది క్లెయిమ్ దట్ హి వన్’ అంటే ‘తానే గెలిచానన్న వాదన’. గైడు కన్నా మీ తెలుగు నయం.

అయితే ఒక మినహాయింపు కూడా గుర్తుంచుకోండి, లేకపోతే ఇదీ ఒంగోలు అన్నగారి సూత్రంలాగే అవుతుంది. ‘అతను వచ్చిన సంగతి నాకు తెలుసు’ అని కూడా మనం అంటాము. అక్కడ ఖాళీ లేకపోయినా ‘అన్న’ లేకుండానే సాగిపోయింది. జరిగిందని తేలిపోయిన విషయాలకు, ‘సంగతి’, ‘విషయం’ వంటి మాటలకు ఇలా జరుగుతుంది.

పెన్నాతీరం

పంతులమ్మ గారికి చాలా కృతజ్ఞతలు. మీరు చెప్పిన ఖాళీ పరీక్ష చేసి చూస్తే ‘ఇట్ వాజ్ ది డ్రైవర్ దట్ సైన్డ్’ అన్నదానిలో కూడా ఖాళీ ఉన్నట్టే కనపడుతున్నది. ‘సంతకం పెట్టింది డ్రైవరే’ అని మనం క్రియకు ‘ది’ చేర్చి ముందుకు తెచ్చేది ఇదే కదా?

ఆత్మకూరు_పంతులమ్మ

అదే. నొక్కి చెప్పాల్సినదాన్ని ఇంగ్లీషు ముందుకు లాగుతుంది, తెలుగు చివర్లో నిలబెడుతుంది.

చీమకుర్తి_రాయి

నేను అడిగిన రెండవ భాగానికి ఇంకా ఎవరూ రాలేదు. మొన్న నేను రాసిన ఒక వాక్యం ఇది. ‘ది బయ్యర్ సెడ్ ఆన్ మండే హి వుడ్ రిలీజ్ ది పేమెంట్’. మేనేజరు గారు ‘ఆన్ మండే’ తర్వాత ‘దట్’ చేర్చారు. అదే మెయిలులో ‘ది బ్లాక్స్ దట్ వి లోడెడ్ లాస్ట్ వీక్’ నుంచి ‘దట్’ను తీసేశారు. మూడవ చోట ‘ది ట్రక్ దట్ బ్రోక్ డౌన్’ను మాత్రం ముట్టుకోలేదు. ఒకే మెయిలులో మూడు రకాల తీర్పులు ఎలా వచ్చాయి?

కావలి_మాస్టారు

మూడు తీర్పులూ న్యాయమైనవే నాయనా.

ట్రక్కుతో మొదలుపెడదాము. ‘బ్రోక్ డౌన్’కు కర్త ఎవరు? ఆ ‘దట్’ తప్ప వేరే ఎవరూ లేరు. కర్త స్థానంలో ఉన్న ‘దట్’ను తీసేస్తే ‘ది ట్రక్ బ్రోక్ డౌన్’ అని అది నిండు వాక్యమైపోతుంది, తర్వాత వచ్చే అసలు క్రియకు చోటు లేకుండా పోతుంది. అందుకే ముట్టుకోకూడదు. బ్లాకుల వాక్యంలో కర్తగా ‘వి’ ఉంది, ‘దట్’ ఉన్నది కర్మస్థానంలో. అక్కడ తీసేయవచ్చు, తీసేస్తే వాక్యం కొంచెం తేలికవుతుంది, ఉంచినా తప్పు కాదు.

సోమవారం సంగతి వీటన్నిటికన్నా ముఖ్యమైనది. మీరు రాసిన వాక్యం ప్రకారం కొనుగోలుదారు సోమవారం నాడు మాట ఇచ్చాడా, లేక సోమవారం నాడు డబ్బు ఇస్తానన్నాడా? రెండు విధాలా చదవవచ్చు. ‘సెడ్ ఆన్ మండే దట్’ అంటే మాట ఇచ్చింది సోమవారం, ‘సెడ్ దట్ ఆన్ మండే’ అంటే డబ్బు ఇచ్చేది సోమవారం. ‘దట్’ ఇక్కడ అర్థం ఇవ్వడానికి కాదు, గట్టు వేయడానికి వచ్చింది. తెలుగులో ‘సోమవారం ఇస్తానని చెప్పాడు’ అన్నా ఇదే అనుమానం కొంత ఉంటుంది గానీ, ‘ఇస్తానని సోమవారం చెప్పాడు’ అనగానే ‘అని’ దగ్గర మాట ముగిసి, సోమవారం ఇవతలికి వస్తుంది. పురాణం వినే అలవాటున్నవారికి ఇది తెలుసు. మన తిక్కన భారతంలో ‘అనిన’ వచ్చేదాకా మాట్లాడేది పాత్రే, వచ్చాక కవి.

‘సే’, ‘థింక్’, ‘నో’, ‘హోప్’ వంటి రోజువారీ క్రియల తర్వాత ‘దట్’ను హాయిగా వదిలేయవచ్చు. ‘రిగ్రెట్’, ‘కన్ఫర్మ్’, ‘ఇన్‌ఫార్మ్’ వంటి ఆఫీసు క్రియల తర్వాత ఉంచడమే మర్యాద. ఉపవాక్యం వాక్యానికి మొదట్లో కర్తగా వస్తే, అంటే ‘దట్ ది షిప్ ఈజ్ లేట్ ఈజ్ నోన్ టు ఆల్’ వంటిదైతే, అసలు వదలకూడదు. ఇన్‌ఫార్మ్ అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పి ముగిస్తాను. మనవారు తరచూ ‘వి ఇన్‌ఫార్మ్ దట్’ అని రాస్తారు. ఆ క్రియకు ఎవరికి తెలియజేస్తున్నామో ఆ కర్మ తప్పనిసరి, ‘వి ఇన్‌ఫార్మ్ యు దట్’ అనాలి. ‘సే’కు అది అక్కరలేదు, ‘టెల్’కు కావాలి.

కందుకూరు_వకీలు

మాస్టారు గారు చివర్లో చెప్పిన ‘ఇన్‌ఫార్మ్ దట్’ ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఒక ఊహ ఉంది. మన పాత ఉత్తరాల్లో ‘తమకు వ్రాయునది ఏమనగా’ అని మొదలుపెట్టేవారు, నోటీసుల్లో ఇప్పటికీ ‘ఇందుమూలముగా తెలియజేయడమేమనగా’ అని రాస్తున్నాము. సాధారణంగా తెలుగు అతుకు మాట చివర్లో ఉంటుంది గానీ, ఈ ‘ఏమనగా’ మాత్రం ఇంగ్లీషు ‘దట్’ లాగా ముందే వచ్చి నిలుస్తుంది. నోటీసు చిత్తు తెలుగులో రాసుకొని ఇంగ్లీషులోకి మార్చే గుమాస్తాకు ‘తెలియజేయడమేమనగా’లో ఎవరికన్నది కనపడదు, అందుకే అక్కడ కూడా రాలిపోతుంది.

మా వృత్తిలో ‘దట్’ లేకుండా పూట గడవదు. భారతదేశపు చట్టాల్లో ఒక సెక్షను ఒక నియమం చెప్పాక, దానికి మినహాయింపు పెట్టదలచినప్పుడు ‘ప్రొవైడెడ్ దట్’ అని కొత్త పేరా మొదలవుతుంది. దాని తర్వాత మరో మినహాయింపు ఉంటే ‘ప్రొవైడెడ్ ఫర్దర్ దట్’ వస్తుంది. మామూలు ఇంగ్లీషులో ఆ మాటకు ‘అనే షరతు మీద’ అని అర్థం. చట్టంలో మాత్రం చాలాసార్లు అది ‘అయితే’ అన్నంత పని చేస్తుంది. కక్షిదారులు మొదటి పేరా చదివి సంతోషించి లేచిపోతుంటారు, కాబట్టి నేను వారికి ‘ప్రొవైడెడ్’ కనపడేదాకా చదవమని చెబుతుంటాను.

రెండవది, ‘దట్ ఆఫ్’ అనే ప్రయోగం. ‘ది ఏరియా ఆఫ్ సర్వే నెంబర్ టెన్ ఈజ్ లార్జర్ దాన్ దట్ ఆఫ్ సర్వే నెంబర్ నైన్’. ఆ ‘దట్ ఆఫ్’ మానేస్తే విస్తీర్ణాన్ని విస్తీర్ణంతో కాక పొలంతో పోల్చినట్టవుతుంది. తెలుగులో మనం ‘తొమ్మిదవ నెంబరు దానికన్నా’ అని చక్కగా అంటాము గానీ, ఇంగ్లీషులోకి వచ్చేసరికి బద్ధకిస్తాము. బహువచనమైతే ‘దోజ్ ఆఫ్’ అవుతుంది, అంటే ఇది మాస్టారు చెప్పిన చూపే జాతికి చెందినదే.

మూడవది అర్జీలకు సంబంధించినది. ‘ఐ రిక్వెస్ట్ దట్ హి బి ట్రాన్స్‌ఫర్డ్’ అన్న వాక్యాన్ని చూసి ‘బి’ ఏమిటి, ‘ఈజ్’ ఉండాలి కదా అని మా జూనియర్లు దిద్దుతారు. దిద్దకూడదు. కోరడం, ఆదేశించడం, సూచించడం అనే అర్థమున్న క్రియల తర్వాతి ‘దట్’ వెనక క్రియ మూలరూపంలోనే ఉంటుంది, ఎందుకంటే అది జరిగిన సంగతి కాదు, జరగాలని కోరుకునే సంగతి. మన అర్జీల్లో ‘బదిలీ చేయవలసిందిగా కోరుచున్నాను’ అన్నప్పుడు ఆ ‘వలసిందిగా’ మోసే బరువును ఇంగ్లీషులో ఆ ఒట్టి ‘బి’ మోస్తుంది.

కృష్ణపట్నం_రేవు

వకీలు గారూ, మరి ‘దట్’కు బదులు ‘విచ్’ వాడితే మా ఆడిటరు గారు గొడవ చేస్తారు. మనుషులకు ‘దట్’ వాడకూడదని కూడా అంటారు. ఇవి నిజంగా సూత్రాలేనా?

కావలి_మాస్టారు

మొదటిది సగం సూత్రం, రెండవది సూత్రమే కాదు. కామా పెట్టి అదనపు సమాచారం ఇచ్చేటప్పుడు ‘దట్’ రాకూడదు, ‘విచ్’ రావాలి. ‘ది జెట్టీ, విచ్ వాజ్ రిపేర్డ్’ అనాలి. ఇది అందరూ పాటిస్తారు. కామా లేకుండా ఏదో ఒకదాన్ని వేరుచేసి చెప్పేటప్పుడు ‘దట్’ మాత్రమే వాడాలని 1926లో ఫౌలర్ అనే ఆయన సలహా ఇచ్చాడు. అమెరికాలో సంపాదకులు దాన్ని నియమంగా పట్టుకున్నారు, బ్రిటన్‌లో అంత పట్టింపు లేదు. మీ ఆడిటరు గారు అమెరికా పుస్తకాలు చదివి ఉంటారు. ఇంకొకటి, ఇలా అతికే ‘దట్’ ముందు ‘ఇన్’ వంటి విభక్తి మాటలు నిలవవు, ‘ది హౌస్ ఇన్ దట్ ఐ లివ్’ తప్పు, ‘ఇన్ విచ్’ అనాలి.

మనుషులకు వాడటం చాలా పాత అలవాటు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ‘హి దట్ ఈజ్ వితౌట్ సిన్’ అనే ఉంది, పైగా అదే పుస్తకంలో పరలోకంలోని తండ్రిని ‘విచ్’ అని కూడా అన్నారు. ఇప్పుడు ‘హూ’ మేలనిపిస్తే వాడుకోండి, ‘దట్’ వాడినవారిని మాత్రం తప్పు పట్టవద్దు.

పెన్నాతీరం

మా కోచింగులో సరదాకి ఒక వాక్యం ఇచ్చారు. ‘హి సెడ్ దట్ దట్ దట్ దట్ దట్ బాయ్ రోట్ వాజ్ రాంగ్’. వరసగా ఐదు ఉన్నాయి. ఇది నిజంగా వాక్యమేనా?

ఆత్మకూరు_పంతులమ్మ

వాక్యమేనమ్మా, వ్యాకరణం తప్పు ఒక్కటీ లేదు, కాకపోతే ఎవరూ అలా రాయరు. తెలుగు చేసి చూస్తే ముడి విడిపోతుంది. ‘ఆ అబ్బాయి రాసిన ఆ దట్ తప్పని ఆయన అన్నాడు’. మొదటిది ‘తప్పని’లోని ‘అని’. రెండవది రెండవ ‘ఆ’. మూడవది అబ్బాయి రాసిన మాటే, అది ఇక్కడ నామవాచకం. నాలుగవది ‘రాసిన’ అన్న రూపంలో కలిసిపోయింది. ఐదవది అబ్బాయి ముందున్న ‘ఆ’. బిగ్గరగా చదివేటప్పుడు రెండవ, మూడవ, ఐదవ స్థానాలను ఒత్తి, మొదటిదాన్నీ నాలుగవదాన్నీ నలిపేస్తే వినేవారికి కూడా అర్థమవుతుంది.

ఒంగోలు_బాట

నాది చివరి ప్రశ్న. ‘హి కేమ్ లేట్, దట్ టూ వితౌట్ ఇన్‌ఫార్మింగ్’ అని మేమందరం అంటాము. మా అమ్మాయి మెల్‌బోర్న్ నుంచి ఫోను చేసి, అక్కడివారు దీన్ని వింతగా చూస్తారంటున్నది. అలాగే అవతలివారు ‘నాట్ దట్ వి డోంట్ ట్రస్ట్ యు’ అని రాస్తే నమ్మారో లేదో మాకు తేలలేదు.

కావలి_మాస్టారు

‘దట్ టూ’ మన దేశపు ఇంగ్లీషు. ‘ఆలస్యంగా వచ్చాడు, అదీ చెప్పకుండా’ అన్నదానికి నీడ అది. ఇక్కడ వాడుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. బయటివారికి రాసేటప్పుడు ‘అండ్ వితౌట్ ఈవెన్ ఇన్‌ఫార్మింగ్ అజ్’ అంటే సరిపోతుంది. వారికీ ‘ఎట్ దట్’ అని ఒకటి ఉంది గానీ అది వాక్యం చివర్లో వస్తుంది.

రెండవది మీకు కొత్తదేమీ కాదు. ‘మిమ్మల్ని నమ్మక కాదు, అడ్వాన్సు ఇవ్వాలంటే మా బ్యాంకు ఒప్పుకోవాలి’ అని మీరే రోజూ అంటుంటారు. ‘నాట్ దట్’ అంటే ‘అని కాదు’. మీరు తప్పుగా అనుకుంటారేమోనని ముందే అడ్డుకట్ట వేసే మాట అది. కాబట్టి వారు నమ్ముతున్నట్టే రాశారు, అసలు అభ్యంతరం ఆ వాక్యం తర్వాత ఉంటుంది, అక్కడ చూసుకోండి. దీన్ని ‘నాట్ దట్ ఐ నో ఆఫ్’తో మాత్రం కలపవద్దు. ఆ మాటకు ‘నాకు తెలిసినంతవరకు లేదు’ అని అర్థం. సరకులో ఏమైనా లోపముందా అని మీరు అడిగినప్పుడు అలా జవాబు వస్తే, లేదని హామీ ఇచ్చినట్టు కాదు.